బ్రేకు వదిలితే లిఫ్టు పైకే పోతుంది

మా బాబాయిని ఇంట్లో అందరం విసుగు బాబాయి అని పిలిచేవాళ్లం, ఆయన ముందే. ఆయనేమీ నొచ్చుకునేవాడు కాదు. "ముప్ఫై ఏళ్లు లిఫ్టులు బాగుచేసి చూడండి, అప్పుడు మీ మొహాన నవ్వెంత మిగులుతుందో నేనూ చూస్తా" అనేవాడు.

ఆయన విసుగంతా మనుషుల మీదే, లిఫ్టుల మీద కాదు. లిఫ్టు ఏ తప్పు చేసినా దానికో కారణం ఉంటుందట. మనుషులకి అదీ ఉండదట. మీట ఒకసారి నొక్కితే చాలని తెలిసీ పదిసార్లు నొక్కేవాళ్లు, ఆరుగురే ఎక్కాలని రాసి ఉన్నచోట తొమ్మిదిమంది ఎక్కి ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లు, తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టి పక్కింటావిడతో కబుర్లాడేవాళ్లు, వీళ్లందరి గురించీ ఆయన దగ్గర పెద్ద చిట్టా ఉండేది. సాయంత్రం ఇంటికొచ్చి చేతుల గ్రీజు కడుక్కుంటూ దాన్ని పిన్నికి వినిపించేవాడు. పిన్ని తన పని తను చేసుకుంటూ ఊ కొట్టేది.

అంతకుముందు ఆ చిట్టా వినడానికి పిన్ని తమ్ముడు ఉండేవాడు. బాబాయికి బావమరిది, పనిలో జోడీ. లిఫ్టు పని ఒక్కడితో అయ్యేది కాదు. ఒకడు మేడమీద మోటారు గదిలో ఉంటే ఇంకొకడు కింద తలుపు దగ్గర ఉండాలి. పద్దెనిమిదేళ్లు వాళ్లిద్దరూ అలా పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ అరుచుకుంటూ పనిచేశారు. ఈ సంగతికి నాలుగేళ్ల ముందు బస్టాండులో బాంబు పేలినప్పుడు అతను అక్కడున్నాడు. ఏదో స్ప్రింగు కొనుక్కురమ్మని ఆ వైపు పంపింది బాబాయే. ఆ మాట ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్లం కాదు. ఆ తరవాత బాబాయి ఇంకో జోడీని పెట్టుకోలేదు. అన్ని మెట్లూ తనే ఎక్కుతూ దిగుతూ, మోకాళ్లని తిట్టుకుంటూ చేసుకునేవాడు.

ఆ బాంబు పెట్టించినవాణ్ణి పేపర్లు లెక్కల మాస్టారు అని రాసేవి. ఒకప్పుడు ఎక్కడో పిల్లలకి లెక్కలు చెప్పేవాడట. బస్టాండు ఒక్కటే కాదు, అతని మనుషులు నాలుగు చోట్ల పేల్చారు. పోలీసులు వెతకని సందు లేదు. అతని ఫొటో గోడల మీద వానకి తడిసి, ఎండకి వెలిసి, మళ్లీ కొత్తది అతికించినా మనిషి మాత్రం దొరకలేదు.

ఒకరోజు పొద్దున్న పదిన్నరకి బాబాయికి ఫోనొచ్చింది. ఆయన చూసే ప్రతి లిఫ్టులోనూ ఆయన నంబరు అతికించి ఉంటుంది.

"లిఫ్టులో ఇరుక్కుపోయానండీ. కరెంటు పోయింది. కాస్త త్వరగా రాగలరా?" మర్యాదగా మాట్లాడే గొంతు.

"ఏ బిల్డింగండీ?"

అవతలి మనిషి చెప్పాడు.

"లోపల గెంతారా?"

"లేదండీ."

"తలుపు లాగారా?"

"కొంచెం."

"కొంచెం! ఎవరు లాగమన్నారండీ మిమ్మల్ని? ముట్టుకోకుండా కింద కూర్చోండి. వస్తున్నా."

"మరి... గాలి ఆడుతుందా?"

"ఆడుతుందండీ బాబూ. ఇరుక్కున్న ప్రతివాడూ ఇదే అడుగుతాడు. అది లిఫ్టు, సీసా కాదు" అని బాబాయి ఫోను పెట్టేశాడు.

అది పద్నాలుగు అంతస్తుల బిల్డింగు. కింది నాలుగూ కార్లు పెట్టుకునే అంతస్తులు. ఈ లిఫ్టుకి అక్కడ తలుపుల్లేవు, చుట్టూ గోడే. ఇళ్లు ఐదో అంతస్తు నుంచి మొదలు. కరెంటు పోయినప్పుడు లిఫ్టుని దగ్గర్లోని తలుపు దాకా తీసుకెళ్లి ఆపడానికి ఒక బ్యాటరీ ఉంటుంది. అది చచ్చిపోయి మూడేళ్లయింది. మార్చండి మహాప్రభో అని బాబాయి మూడు అర్జీలు పెట్టాడు. మూడూ నేనే టైపు చేశాను. అపార్ట్‌మెంటు సెక్రటరీ మూడూ చదివి, "మీటింగులో పెడదాం" అన్నాడు.

బాబాయి సంచీ భుజాన వేసుకుని వీధి మొదట్లోకి వచ్చేసరికి పోలీసులు అడ్డం నిలబడి ఉన్నారు. "లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నార్రా నాయనా, వదలండి" అని ఈయన గొడవ. చివరికి ఒక ఆఫీసరు వచ్చాడు. మూడు రోజులుగా గడ్డం గీసుకోని మనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎవరు ఇరుక్కున్నారు?"

"నాకేం తెలుసు సార్? ఫోన్ చేశాడు. మర్యాదస్తుడే."

"ఎప్పుడు?"

"పదిన్నరకి."

ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. పది ఇరవై అయిదుకి ఆ బిల్డింగుకి కరెంటు తీయించింది ఆయనే. తొమ్మిదో అంతస్తులో లెక్కల మాస్టారు దాక్కున్నాడని తెలిసి వచ్చారు. ఇంట్లోకి వెళ్లి చూస్తే టీ కప్పు ఇంకా వేడిగా ఉంది, మనిషి లేడు. మెట్ల మీద లేడు, మేడ మీద లేడు. గంట నుంచీ మంచాల కింద వెతుకుతున్నారు. మనిషేమో వాళ్లు తీసిన కరెంటుకే, గోడల మధ్య, మూడో అంతస్తు ఎత్తులో వేలాడుతున్నాడు.

బాబాయికి విషయం అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక సంచీ కింద పెట్టి దాని మీదే కూర్చుండిపోయాడు.

వార్త బిల్డింగంతా పాకిపోయింది. ఇళ్లలోంచి కదలొద్దని పోలీసులు చెప్తే, కదలొద్దన్నందుకే అందరూ మెట్ల మీదికి వచ్చారు. అందరికంటే ముందు సెక్రటరీ. "తాడు కోసెయ్యండి! దరిద్రం వదిలిపోతుంది!" అని కేకలు.

బాబాయికి ఒళ్లు మండింది. "ఏ తాడండీ? ఐదు ఇనప తాళ్లున్నాయి. నాలుగు తెగినా ఐదోది మోస్తుంది. ఐదూ తెగితే కింద పళ్లున్న దవడలున్నాయి, పట్టాల్ని కరిచి పట్టుకుంటాయి. సినిమాల్లో పడ్డట్టు లిఫ్టు పడదు."

"అయితే బ్రేకు వదిలెయ్యండి, దభీమని పడతాడు" అన్నారెవరో.

"బ్రేకు వదిలితే లిఫ్టు పైకే పోతుంది! లోపల ఒక్కడే ఉన్నాడు. తాడుకి అవతలి వైపు ఇనప దిమ్మలు వేలాడుతుంటాయి, అవి వాడికంటే బరువు. త్రాసు చూడలేదా మీరెప్పుడూ?"

జనం నమ్మలేదు. బ్రేకు వదిలితే పైకి పోవడమేంటని కొందరు నవ్వారు కూడా. బాబాయి అంతటితో ఆపేశాడు. పైకి పోయి, పోయి, ఏమవుతుందో ఎవరూ అడగలేదు. ఆ పాత లిఫ్టుకి కిందికి జారితేనే పట్టుకునే దవడలున్నాయి గానీ, పైకి దూసుకుపోతే ఆపేది ఏదీ లేదు. మూడో అంతస్తు నుంచి పద్నాలుగో అంతస్తు దాకా వేగం పెరుగుతూ వెళ్లి, పైన సిమెంటు కప్పుకి గుద్దుకుంటుంది. లోపలి మనిషి బతకడు. ఆ సంగతి అక్కడున్న వాళ్లందరిలోకీ బాబాయికి ఒక్కడికే తెలుసు.

ఆఫీసరు ఆయన్ని వాచ్‌మన్ గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాడు.

"చూడండీ, ప్రాణాలతో పట్టుకోమని నాకు కాగితం మీద ఉంది. నోటిమాటగా ఇంకోటి ఉంది. వాణ్ణి జైల్లో పెడితే వాడి మనుషులు ఏ స్కూలు బస్సునో పట్టుకుని, మా మాస్టార్ని వదలండి అంటారు. క్రితం సారి అలాగే ఒకణ్ణి వదిలాం. వాడు బయటికొచ్చి నా కింద పనిచేసే ఇద్దరు కుర్రాళ్లని చంపాడు."

"అయితే కాల్చుకోండి సార్. నన్నెందుకు లాగుతారు?"

"కాలిస్తే జవాబు చెప్పాలి. లిఫ్టు పాడైతే ఎవరూ చెప్పక్కర్లేదు."

"నేను చెప్పాలి సార్! ముప్ఫై ఏళ్లలో నా లిఫ్టులో ఒక్క వేలు నలగలేదు. మొదటిసారి మనిషే పోతే నా పనితనం గురించి ఏమనుకుంటారు?"

ఆఫీసరు ఆయన్ని వింతగా చూశాడు. "మీవాళ్లెవరూ పోలేదా బాంబుల్లో?"

బాబాయి ఫోను తీసి పిన్నికి చేశాడు. ఆవిడ ముందు రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "కుక్కరు పొయ్యి మీదుంది, ఏంటి?" అంది. ఈయన చెప్పాడు. చాలాసేపు అవతల కుక్కరు చప్పుడే వినిపించిందట.

"వాడు చావాలనే నాకుంది" అంది పిన్ని చివరికి. "దేవుడి దగ్గర కూడా దాచను. కానీ నువ్వు చంపి ఇంటికి రాకు. రోజూ ఆ చేతులకి కంచం అందించాల్సింది నేను."

"మరి ఏం చెయ్యమంటావే?"

"నన్నడుగుతావేంటి? పని నీది!" అని పెట్టేసింది.

బాబాయికి తల ప్రాణం తోకకొచ్చింది. లేచి, సంచీ తీసుకుని ఐదో అంతస్తుకి ఎక్కాడు. అక్కడ పోలీసులు తుపాకులు పట్టుకుని గోడకి అంటుకుని ఉన్నారు. తాళంచెవితో లిఫ్టు తలుపు జానెడు తెరిచి కిందికి చూశాడు. చీకట్లో లిఫ్టు పైకప్పు కనిపించింది.

"ఏవండీ, మెకానిక్‌ని. మీ దగ్గర తుపాకీ ఉందా?"

కిందినుంచి ఆ మర్యాద గొంతే, "ఉంది" అంది.

"మీరు కొంచెమే లాగిన ఆ తలుపు ఇంకొంచెం లాగండి. గడప దగ్గర సందుంటుంది, అందులోంచి కిందికి వదిలెయ్యండి. అది మీ చేతిలో ఉండగా నేను పని మొదలుపెట్టను."

"నన్ను పైకి తెచ్చి చంపుతారు కదా."

"నాకు తెలీదు. ఇక్కడ ఎవరికీ ఏమీ తెలీదు, పొద్దున్నుంచీ నా బుర్ర తింటున్నారు."

"మీరు మామూలు మనిషి. మా పోరాటం మీలాంటి వాళ్ల కోసమే..."

"ఆపండి!" బాబాయి గొంతు చీలిపోయింది. "ఉపన్యాసం వద్దు. ఈ పనికి ఇద్దరుండాలి. రెండోవాడు నా బావమరిది. నాలుగేళ్ల కిందట బస్టాండులో పోయాడు. మీ బాంబుకే."

ఆ గొంతు నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "ఏ బస్టాండు?"

రెండు బస్టాండులు పేల్చారు వాళ్లు. ఈయన చెబుతున్నది ఏదో అతనికి తేలలేదు.

కొద్దిసేపటికి తుపాకీ గోడలకి తగులుతూ అడుగుకి పడిన చప్పుడైంది. బాబాయి తలుపు మూసి, పద్నాలుగో అంతస్తు దాకా మెట్లెక్కాడు. ఆ రోజు మోకాళ్లని తిట్టిన గుర్తు లేదన్నాడు నాతో.

మోటారు గదిలో రెండు పనులు ఒకేసారి జరగాలి. ఒకరు ఇనప లీవరు నొక్కి పట్టుకుంటే బ్రేకు తెరుచుకుంటుంది. ఇంకొకరు పెద్ద చక్రాన్ని చేతుల్తో బిగించి పట్టుకుని కొంచెం కొంచెంగా తిరగనివ్వాలి. లీవరు మీద చెయ్యి తీస్తే చాలు, బ్రేకు పడి లిఫ్టు ఆగిపోతుంది. బాబాయి ఒక్కడున్నప్పుడు లీవరుకి తాడు కట్టి కాలితో లాగేవాడు. ఆ రోజు ఆఫీసరే వెంట వచ్చాడు.

"నేను నొక్కమన్నప్పుడు నొక్కండి సార్. వదలమన్నప్పుడు వదలండి. మధ్యలో మీ తెలివి వాడకండి" అన్నాడు బాబాయి.

తాళ్ల మీద ఒక్కో అంతస్తుకీ తెల్ల రంగు గుర్తు ఉంటుంది. "నొక్కండి" అన్నాడు. చక్రం కదిలింది. ఒక చుట్టు, రెండు చుట్లు. ఐదో గుర్తు దగ్గరికొస్తోంది. అక్కడ ఆపాలి.

బాబాయి చక్రం మీంచి చేతులు తీసేశాడు.

ఇది ఆయన నాకు చెప్పినప్పుడు నా వైపు చూడలేదు. కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. "ఆలోచించి తీశానని చెప్పను, పొరపాటున జారిందనీ చెప్పను. ఏ బస్టాండు అన్న మాట చెవిలో మోగుతోంది. తీసేశాను."

చక్రం దానంతట అదే తిరగడం మొదలుపెట్టింది. ఐదో గుర్తు దాటింది, ఆరో గుర్తు దాటింది. గదిలో హోరు. ఏడో గుర్తు అంతకంటే త్వరగా వచ్చింది. లిఫ్టు గుంటలోంచి ఒక కేక వినబడింది. లెక్కల మాస్టారి కేక అని ఆయనకి తట్టలేదట. లిఫ్టులో మనిషి కేక, అంతే.

"వదలండి! లీవరు వదలండి!"

ఆఫీసరు వదల్లేదు. ఆయన తిరుగుతున్న చక్రాన్నే చూస్తున్నాడు. కింద జనంతో ఈయన చెప్పకుండా దాచిన సంగతి ఆయనకి అప్పుడు అర్థమైంది. రెండు చేతులతో లీవరుని ఇంకా గట్టిగా నొక్కాడు.

"సార్! పోతాడు!"

"పోనీ" అన్నాడు ఆఫీసరు, నెమ్మదిగానే.

చక్రం పట్టుకుంటే చేతులు విరుగుతాయి. బాబాయి సంచీలోంచి పెద్ద స్పానరు తీసి ఆఫీసరు మణికట్టు మీద కొట్టాడు. ఆయన అరిచి చేతులు తీశాడు. బ్రేకు పడింది. గదంతా అదిరి, కాలిన రబ్బరు వాసన లేచింది. లిఫ్టు తొమ్మిదికీ పదికీ మధ్య ఆగింది.

ఇద్దరూ కాసేపు ఒగరుస్తూ నిలబడ్డారు. ఆఫీసరు నడుముకి పిస్తోలుంది. బాబాయి దాన్ని చూశాడు, ఆఫీసరూ దాన్ని చూసుకున్నాడు. తరవాత మణికట్టు పట్టుకుని కింద కూర్చున్నాడు. "నా కుర్రాళ్లు" అన్నాడు ఒక్క మాట. బాబాయి తన సీసాలోని నీళ్లు ఇచ్చాడు.

తరవాత ఒక కానిస్టేబుల్ని పిలిచి, లీవరు ఎలా నొక్కాలో వాడికి రెండుసార్లు తిట్టి నేర్పించి, లిఫ్టుని పదో అంతస్తుకి తెచ్చారు. ఐదులో కాపుకాసిన పోలీసులంతా పదికి పరిగెత్తారు. తలుపు తెరిస్తే లోపల ఒక మూల సన్నటి మనిషి చేతులు పైకెత్తి కూర్చుని ఉన్నాడు, ప్యాంటు తడిసి ఉంది. లేవమంటే కాళ్లు నిలవలేదు. బేడీలు వేసి మోసుకెళ్తుంటే, పైనుంచి దిగుతున్న బాబాయి సంచీ చూసి మెకానిక్ అని గుర్తుపట్టి, "థాంక్సండీ" అన్నాడు.

"అందరూ అనేదే" అన్నాడు బాబాయి నాతో, చిరాగ్గా. "బయటికి రాగానే ప్రతివాడూ అదే అంటాడు."

మధ్యాహ్నం రెండింటికి కరెంటొచ్చింది. సెక్రటరీ వచ్చి, "ఇక లిఫ్టు వాడుకోవచ్చా? మా అత్తగారు కిందే ఉండిపోయారు" అని అడిగాడు. బ్రేకు రబ్బరు కాలిపోయిందనీ, మార్చేదాకా మీట ముట్టుకుంటే ఊరుకోననీ బాబాయి అరిచాడు.

ఇంటికి వెళ్లేసరికి పక్కింటి టీవీలో, మాస్టారు ప్రాణాలతో దొరికాడన్న వార్త మోగుతోంది. పిన్ని తలుపు తీసి, ఆయన చేతులు చూసి, పక్కకి తప్పుకుని ఏడ్చింది. ఏడ్చి, "ఎందుకు చంపలేదు?" అంది.

"నువ్వే కదే వద్దన్నది!"

"అన్నాను. ఇప్పుడు అడుగుతున్నాను."

"నీతో వేగడం నా వల్ల కాదు" అంటూ బాబాయి చేతులు కడుక్కోవడానికి పోయాడు. ఆ తరవాత చాలా రోజులు ఇద్దరి మధ్యా మాటలు సరిగ్గా లేవు.

బయట ఇంకో గోల. సగంమంది ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు. సగంమంది మొహం తిప్పుకున్నారు. బస్టాండులో కూతుర్ని పోగొట్టుకున్న ఒకాయన ఇంటికే వచ్చి, ఏమీ అనకుండా పావుగంట కుర్చీలో కూర్చుని వెళ్లిపోయాడు. ఆయన ఒక్కడి మీద మాత్రం బాబాయి విసుక్కోలేదు.

ఏడాదిన్నర తరవాత కేసు విచారణకొచ్చింది. బాబాయిని సాక్షిగా పిలిచారు. మాస్టారి తరఫు లాయరు లేచి, "ఐదో అంతస్తులో ఆపాల్సిన లిఫ్టు తొమ్మిది ఎందుకు దాటింది?" అని అడిగాడు. బ్రేకు జారిందంటే సరిపోయేది. ఆఫీసరు ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. బాబాయి మొత్తం చెప్పాడు. వాచ్‌మన్ గదిలో మాటలు, తను చేతులు తీయడం, ఆఫీసరు వదలకపోవడం, స్పానరు. జడ్జి అన్నీ రాసుకున్నాడు.

బయట వరండాలో ఆఫీసరు ఎదురొచ్చాడు. "ఒక్క మాట తక్కువ చెప్పుంటే ఏం పోయేది?"

"ఏ మాట తక్కువ చెప్పాలో నాకు తెలీలేదు సార్. మీది మానేస్తే నాదీ మానెయ్యాలి. చెయ్యి నెప్పి తగ్గిందా?"

"చలికాలం లాగుతుంది" అని ఆఫీసరు వెళ్లిపోయాడు. ఆయన మీద విచారణ వేసి ఎక్కడికో బదిలీ చేశారు. మాస్టారికి చచ్చేదాకా జైలు పడింది. స్కూలు బస్సునెవరూ పట్టుకోలేదు, ఇప్పటిదాకా. రేపు పట్టుకుంటే ఏమనాలో తనకి తెలీదంటాడు బాబాయి. మూడు బిల్డింగుల వాళ్లు ఆయన నంబరు పీకేసి, హంతకుడవబోయినవాడు మాకొద్దన్నారు. ఇంకో రెండు బిల్డింగుల వాళ్లు, దేశద్రోహిని కాపాడినవాడు మాకొద్దన్నారు. "ముందు మీరంతా కూర్చుని ఏదో ఒకటి తేల్చుకోండిరా" అని ఆయన తిట్టాడు.

సాక్ష్యం చెప్పిన రోజు కోర్టుకి పిన్నీ నేనూ కూడా వెళ్లాం. ఆయన చేతులు తీశాడన్న సంగతి పిన్ని అప్పుడే మొదటిసారి విన్నది. ముగ్గురం బయటికొచ్చి నడుస్తున్నాం. మలుపు తిరిగాం.

"ఎంతసేపు తీశావు?" అంది పిన్ని.

"ఐదారు సెకన్లు."

"నాతో చెప్పలేదే?"

"నువ్వు ఎందుకు చంపలేదని అడిగావు. చంపబోయావా అని అడగలేదు."

పిన్ని ఆయన చెయ్యి తీసుకుంది. వీధిలో అలా ఆయన చెయ్యి పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. తరవాత తమ్ముడి గురించి మొదలుపెట్టింది. చిన్నప్పుడు వాడు గడియారం విప్పి మళ్లీ బిగించలేక దాన్ని బియ్యం డబ్బాలో దాచిన సంగతి, నాన్న చేతిలో దెబ్బలు తను తిన్న సంగతి. ఆ ఐదారేళ్లలో ఆవిడ నోట వాడి పేరు వినలేదు నేను. ఇంటికెళ్లేదాకా చెబుతూనే ఉంది. మధ్యలో రెండుచోట్ల, అలా కాదు, ఇలా జరిగిందని బాబాయి సరిదిద్దబోతే, "నా తమ్ముడా, నీ తమ్ముడా?" అని కసిరింది. ఆయన నోరు మూసుకుని విన్నాడు.